గద్దర్ పాట: పాఠం, ప్రదర్శన, పురస్కారం

గద్దర్‌ను ప్రజా వాగ్గేయకారుడనడం తెలుగు విమర్శలో స్థిరపడింది. ఆ మాట తప్పు కాదు, అసంపూర్ణం. అది పదాన్నీ స్వరాన్నీ గుర్తించి శరీరాన్ని విడిచిపెడుతుంది. గొంగడి, చేతికర్ర, గజ్జెలు, డప్పు, వంతపాట, పాట నడుమ ఆగి చెప్పే మాట: ఇవి ఆయన పాటకు అలంకారాలు కావు, నిర్మాణాంగాలు.

తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదువుకు చేరారు. 1970ల తొలినాళ్లలో బి. నర్సింగరావు సాహచర్యంలో రూపుదిద్దుకున్న జననాట్యమండలి ఆయన అసలు విద్యాలయమైంది. ‘మా భూమి’ చిత్రంలో తెరమీద ఆయన పాడిన ‘బండెనక బండి కట్టి’ బండి యాదగిరి రచన. అయినా జనస్మృతిలో అది గద్దర్ పాటగానే నిలిచింది. కర్తృత్వాన్ని అచ్చు ప్రతిలో మాత్రమే వెతికే పరిశోధన దీన్ని పొరపాటుగా నమోదు చేసి ముందుకు సాగుతుంది. నిజానికి ప్రదర్శన రచనను తనలోకి తీసుకునే తీరు ఇక్కడే కనిపిస్తుంది.

పంక్ సంగీతానికి పూర్వరంగం కట్టిన డెట్రాయిట్ బృందం ఎంసీ5, గిటారిస్టు వేన్ క్రేమర్ ఇక్కడ పోలికకు పనికివస్తారు. ఆ బృందం తొలి ఆల్బమ్‌ను స్టూడియోలో కాక, 1968 అక్టోబరులో శ్రోతల ఎదుటే రికార్డు చేశారు. జనం కేకలు కూడా అందులో కృతి భాగమే. గిటారు పాశ్చాత్య విపణిలో పుష్కలంగా దొరికే వాద్యం. డప్పు కులం పేరిట అంటరానితనం మోసిన వాద్యం. కనుక ఈ పోలికను ధిక్కార స్వభావం దాటి సాగదీయడం ఉచితం కాదు.

ఆదరణ మాత్రం ఇద్దరికీ ఒకే దారిన వచ్చింది. క్రేమర్ 2024 ఫిబ్రవరిలో మరణించగా, అదే ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎంసీ5ను చేర్చుకుంది. ‘ఒరేయ్ రిక్షా’ పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని గద్దర్ తిరస్కరించారు. 1997 ఏప్రిల్ 6న జరిగిన కాల్పుల తూటా ఒకటి చివరిదాకా ఆయన దేహంలోనే ఉంది. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర సినీ పురస్కారాలకు ఆయన పేరే ప్రకటించింది. దీన్ని గౌరవమనీ అనవచ్చు, స్వాయత్తీకరణ అనీ అనవచ్చు. రెండో మాటకే ఆధారాలు ఎక్కువ.

‘మా భూమి’ నుంచి ‘జై బోలో తెలంగాణ’ (2011) దాకా ఆ శరీరాన్ని భద్రపరచినదీ సినిమాయే. అయితే కెమెరా కోణమూ కూర్పరి కత్తెరా పాట నిడివిని నిర్ణయించాయి. ఎదుట కూచున్న జనం అడిగితే మళ్లీ ఎత్తుకునే చరణానికి అక్కడ చోటు లేదు.