తిత్తియు, అరచేయియు

ఈ వారమొక రైలు స్టేషనులో బండి రాకను తెలుపు యంత్రకంఠమును విని నా మనసు నొచ్చుకొన్నది. అంకెల నొక స్థాయిలో, ఊరి పేరును వేఱొక స్థాయిలో పలికి, గొంతు దిగవలసిన చోట నిలువునా నిలిచిపోవుచుండెను. మాటకు ప్రాణము ఊపిరియే యని నేనెన్ని మారులు వ్రాసితినో ఈ శీర్షికను విడువక చదువువారికి తెలియును.

ఆ వాదమునకు నాకెప్పుడును సాక్షిగా నిలుచువాడు వుల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్. చదరంగమాడు బొమ్మలోపల మనిషిని దాచి ఐరోపా నెల్ల అబ్బురపఱచిన ఆ హంగేరీ దేశీయుడే, మాటలాడు యంత్రము విషయమున మాత్రము ఏ మఱుగును లేక, ఇరువదియేండ్లకు పైగా శ్రమించి, 1791లో దాని మర్మమంతయు గ్రంథముగా వెలువరించెను. అంతకు కొన్నియేండ్ల ముందు సెయింట్ పీటర్స్‌బర్గు అకాడమీ బహుమతి నందిన క్రాట్జెన్‌స్టైన్ గొట్టములు ఒక్కొక్కటి ఒక్కొక్క అచ్చును మాత్రమే పలికినవి. కెంపెలెను మొత్తము నోటినే కట్టదలచెను. కుడిమోచేయి తిత్తిని నొక్కగా గాలి పీకను కదలించుచు రబ్బరు నోటిలోనికి సాగును. ఎడమ అరచేయి ఆ నోటిని మూసి తెఱచుచుండ అచ్చులు మారును. ముక్కు రంధ్రములపైనుండి వ్రేళ్లు తీసినంతనే అనునాసికములు పుట్టును. నాలుక లేదు, పండ్లు లేవు. తకార కకారములకు పకారమునే కొంత మార్చి పలికింపగా, గొంతు పసిపిల్లవానిదివలె నుండుటచే, విన్నవారు ఆ లోపమును తమ చెవులతోనే దిద్దుకొనిరి.

ఇంతవఱకు నా పక్షము నిలిచినది. కాని 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున పలికిన, బెల్ ప్రయోగశాలలో హోమర్ డడ్లీ నిర్మించిన వోడరను యంత్రమును నేనేమి చేయుదును? దానికి తిత్తియు లేదు, గాలియు లేదు. విద్యుత్తు పుట్టించు రొదయు బుసయు మాత్రమే. మణికట్టు క్రింది పట్టీ ఆ రెంటిలో నొకదాని నెన్నును, వ్రేళ్ల క్రింది మీటలు దానిని మలచును, పాదము స్థాయిని పెంచి దించును. టెలిఫోను పనిలోనుండి వచ్చిన యువతులు నెలల తరబడి సాధన చేసినగాని అది నోరు విప్పలేదు. అయినను, "నిన్నెవరు చూచిరి?" అని యడిగినచో "ఆమె"ను, "ఆమె యెవరిని చూచెను?" అని యడిగినచో "నన్ను"ను ఒత్తి పలికెడిది, వాక్యము మాత్రము "ఆమె నన్ను చూచెను" అను నొక్కటే. ఊపిరి లేనిచోట ఆ ప్రాణమెట్లు వచ్చెను? అడిగిన ప్రశ్నను విని, తగినచోట పాదమును నొక్కిన మనిషి అచట కూర్చుండుటచేతనే.

కెంపెలెను యంత్రమునందును మాటలాడినది తిత్తికాదు, పలికిన ప్రతి ధ్వనిని వినుచు తన్ను దిద్దుకొనిన ఆ యెడమ అరచేయియే యని నాకిప్పుడు తోచుచున్నది. ఆ గ్రంథమును మరల తెఱచునప్పుడు తిత్తిని వర్ణించిన పుటలను దాటి, చేతి కదలికలను వర్ణించినవానినే ముందు చదివెదను.