గుట్ట మీద నిలబడ్డవాళ్లు

సినిమా చూసి బయటికొచ్చిన మనిషిని "ఎలా ఉంది?" అని అడగడం దండగ. బాగుంది అంటాడు, లేదంటే బాగాలేదు అంటాడు. ఆ రెండు ముక్కలూ నేను రాసుకోను. అసలు మాట మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర ఇంకేదో మాట్లాడుతుండగా నోరు జారి వస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా నేను నోట్‌బుక్కుల్లో పోగేసుకుంటున్నది ఆ మర్నాటి మాటల్నే. వాటిలో కౌబాయ్ సినిమాల మీద వచ్చినవే ఎక్కువ. అందుకు కారణం మా సారపాక వినాయక పందిరి.

ఎనభైల చివర్లో చవితి పందిరి అంటే అద్దె టీవీ, అద్దె వీసీఆర్, మూడు క్యాసెట్లు. మొదటిది కమిటీ పెద్దల కోసం భక్తి సినిమా. వాళ్లు ఆవలించి ఇళ్లకు పోయేసరికి మా ఊరి కాగితం మిల్లులో బి షిఫ్టు దిగినవాళ్లు టిఫిన్ క్యారియర్లతో సహా పందిట్లోకి వచ్చి కూర్చునేవాళ్లు. అప్పుడు పడేది రెండో క్యాసెట్. ఒక ఏడు అది 'మోసగాళ్లకు మోసగాడు'. టేపు అరిగిపోయి తెర మీద వాన కురుస్తున్నా ఒక్కరూ లేవలేదు.

మర్నాడు వచ్చిన మాటలు ఇవి. మిల్లులో ఫిట్టరుగా చేసే మామ: "ఆరు గుళ్ల పిస్తోలు. పదకొండు పేల్చాడు. మిగతా అయిదూ ఏ స్టోర్స్‌లో ఇష్యూ చేశారో కనుక్కోండి." ఎడ్లబండి తోలే తాత: "పొద్దుగూకులూ ఉరికిచ్చిండు. ఆ గుర్రానికి ఒక్కసారన్న నీళ్లు తాపిండా?" ఇక మా అమ్మ: "అంత ఎండలో ఆ తోలు కోటేంట్రా, చెమటకాయలు లేవవూ?"

ముగ్గురూ ఒకే సినిమా చూశారు. ఫిట్టరుకు లెక్క కనపడింది, బండి తాతకు పశువు కనపడింది, అమ్మకు ఒంటి మీద బట్ట కనపడింది. కథ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అప్పటినుంచి నాకొక అలవాటు అబ్బింది. ఎవరైనా ఒక బొమ్మ గురించి మాట చెబితే, ఆ మనిషి ఏ పని చేసి వచ్చి అక్కడ కూర్చున్నాడో పక్కనే రాసుకుంటాను. అది లేకపోతే మాట సగమే.

అమ్మ అనుమానపడ్డ ఆ ఎండ నిజానికి మనది కాదు, రాజస్థాన్‌ది. 1971 ఆగస్టులో విడుదలైన ఆ సినిమాను హీరో కృష్ణ తన పద్మాలయా సంస్థ మీద తీశారు. కథ, మాటలు ఆరుద్రవి, దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్‌ది. కౌబాయ్‌కి ఎడారి కావాలి, తెలుగునాట అది దొరకదు. అందుకని ఎడారిని వెతుక్కుంటూ అంత దూరం పోయారు. వీళ్లకు దారి చూపిన సెర్జియో లియోనీదీ అరువు నేలే. ఆయన ఇటలీవాడు, ఆయన చూపించిన అమెరికా ఎడారి చాలావరకు స్పెయిన్‌లోది. ఆయన మొదటి కౌబాయ్ కథకు మూలం జపాన్‌లో కురోసావా తీసిన సమురాయ్ సినిమా. ఇన్ని దేశాలు తిరిగి మా పందిట్లోకి వచ్చిన గుర్రానికి ఎవరైనా నీళ్లు పెట్టారా అని బండి తాత అడగడంలో తప్పేముంది?

తొంభైల్లో కేబుల్ వచ్చింది. పగలంతా పిల్లల్ని ఆడించిన కార్టూన్ నెట్‌వర్క్ రాత్రి తొమ్మిదయ్యేసరికి టీఎన్‌టీ అయిపోయి పాత హాలీవుడ్ బొమ్మలు వేసేది. భద్రాచలం రోడ్డు మీద మేం కూర్చునే హోటల్లో గల్లాపెట్టె పైన చిన్న టీవీ ఉండేది. ఇంగ్లీషు ఎవరికీ రాదు. అదే మేలయింది. మాట తెలియనివాడు బొమ్మను కళ్లతో చూస్తాడు, ఎవరు మంచివాళ్లో మాటలు చెబితే నమ్మే అవకాశం వాడికి లేదు.

ఒక రాత్రి అలాంటి సినిమా నడుస్తోంది. పేరు నాకు గుర్తులేదు. గూడు బండ్లు బారుగా పోతున్నాయి, ఆడవాళ్లు, పిల్లలు, తట్టాబుట్టా అన్నీ వాటిలోనే. ఉన్నట్టుండి డోలు మోగింది. గుట్ట మీద గుర్రాలెక్కి, తలకు ఈకలు కట్టుకున్నవాళ్లు వరసగా నిలబడ్డారు. హోటల్ కుర్రాళ్లు బెంచీలు ముందుకు జరుపుకున్నారు. ఆఖరి బస్సు తప్పిపోయి ఆ రాత్రికి అక్కడే పడుకుందామని ఆగిన కోయ పెద్దాయన ఒకరు మూలబల్ల మీద కూర్చుని ఉన్నారు.

"ఎవరు బిడ్డా వాళ్లు?" అన్నాడాయన.

"దొంగలు తాతా. ఇప్పుడు మీద పడతరు చూడు."

"ఆ గుట్ట వాళ్లదే గదా? వాళ్ల గుట్ట కాడికి వీళ్లొచ్చి, వాళ్లను దొంగలంటరేంది?"

కుర్రాడు నవ్వాడు. నేనూ నవ్వాను. రాసుకోవాలని కూడా తోచలేదు. తెల్లారి మొదటి బస్సు కోసం చూస్తూ టీ తాగుతున్నప్పుడు ఆయన మర్నాటి మాట చెప్పాడు. "కథ అయినంక టోపీ ఆయన గుర్రమెక్కి పోయిండు. బండ్లోళ్లు అక్కడ్నే ఇళ్లు కట్టుకున్నరు. గుట్ట మీదోళ్లు యాడికి పోయిన్రు? సూపియ్యలే." బస్సు వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఈసారి రాసుకున్నాను.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అమెరికా కౌబాయ్ కథ పైకి తుపాకుల కథలా ఉంటుంది, అడుగున ఉన్నది నేల. 1862లో అక్కడ చట్టం చేసి, వచ్చి సాగు చేసుకుంటామన్న కుటుంబానికి 160 ఎకరాల చొప్పున ఇచ్చారు. ఆ ఎకరాల మీద అంతకుముందు ఎవరున్నారన్నది ఆ బండ్ల వాళ్లు అడగలేదు. అడిగినవాడి చేతిలో ఈకల బల్లెం పెట్టి గుట్ట మీద నిలబెట్టింది సినిమా.

మన కౌబాయ్ సినిమాలు ఈ తలనొప్పి లేకుండా చూసుకున్నాయి. 'మోసగాళ్లకు మోసగాడు'లో వేట నిధి కోసం. 1990లో చిరంజీవి 'కొదమసింహం'లోనూ నిధే. 2002లో మహేశ్‌బాబు 'టక్కరిదొంగ'లో వజ్రాలు. మూడింట్లోనూ నేల గొడవ తీసి పక్కన పెట్టి నిధిని పెట్టారు. నిధితో ఒక సుఖం ఉంది, దానికి బతికున్న ఆసామి ఉండడు. దొరికినవాడిదే సొత్తు. నేలకు అలా కుదరదు.

విచిత్రమేమంటే, ఆ మొదటి తెలుగు కౌబాయ్ తెర మీదికి రావడానికి ఏడాది ముందే, 1970లో, మా ఏజెన్సీ నేల గురించి ఒక చట్టం వచ్చింది. జనం నోట్లో అది '1/70'. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన పని ఆ భూమి పట్టుకున్నవాడిది. అంటే కెమెరాను తీసుకెళ్లి గుట్ట మీద పెట్టిన చట్టమది. బండ్ల దగ్గర కెమెరా పెట్టిన సినిమాలు మాత్రం మేం పందిట్లో ఈలలు వేస్తూ చూశాం.

మేం అన్నాను కదా, అదీ చెప్పాలి. మా నాన్న మిల్లు ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చాడు. 1979లో కాగితం మిల్లు నడవడం మొదలయ్యాక ఇక్కడికి అలా వచ్చినవాళ్లు చాలామంది. ట్రంకు పెట్టె, మంచం, రోలు లారీలో వేసుకుని వచ్చామని అమ్మ చెప్పేది. గూడు లేదు గానీ అదీ బండే.

ప్రేక్షకుడి మాటకు విలువ ఎంత అని ఎవరైనా అడిగితే నేను 'గన్‌స్మోక్' సంగతి చెబుతాను. అమెరికా టీవీలో 1955 నుంచి 1975 దాకా ఇరవై ఏళ్లు, 635 ఎపిసోడ్లు నడిచిన కౌబాయ్ ధారావాహిక అది. డాడ్జ్ సిటీ అనే ఊరు, దానికొక మార్షల్. 1967లో సీబీఎస్ సంస్థ దాన్ని ఆపేద్దామనుకుంది. ఆ సంస్థ అధిపతి విలియం పేలీకి అది ఇష్టం, ఆపొద్దన్నాడు. ఆగలేదు, ఇంకో ఎనిమిదేళ్లు సాగింది. ఒక్క ప్రేక్షకుడి మాటకు ఎనిమిదేళ్ల ఆయుష్షు. ఆయన కూర్చున్న కుర్చీ అలాంటిది. మూలబల్ల మీది మాటకు ఒక్క సీను కూడా మారలేదు.

2023 మే 31న, కృష్ణ పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజున, 'మోసగాళ్లకు మోసగాడు' 4కేలో మళ్లీ విడుదలైంది. హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడు స్నేహితులతో వెళ్లి చూసి, ఆ రాత్రే ఫోన్ చేశాడు. "గుర్రం లేపిన దుమ్ము కూడా కనపడింది మామయ్యా!" బాగుంది అన్నమాట. రాసుకోలేదు. వాడికి పందిరి సంగతి చెప్పాను, ఫిట్టరు లెక్క చెప్పాను, పడీపడీ నవ్వాడు. ఆఖర్న కోయ పెద్దాయన అన్న రెండు మాటలూ చెప్పాను. సరే పడుకుంటానని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్. ఆఫీసుకు బస్సులో పోతున్నాడు, వెనక హారన్ల మోత.

"మామయ్యా, సారపాకలో మన ఇంటి స్థలం తాతయ్య ఎవరి దగ్గర కొన్నాడు?"

కనుక్కుని చెబుతానన్నాను. వాడి మాట నోట్‌బుక్కులో పెద్దాయన మాట కిందే రాసుకున్నాను, పక్కన వాడు చేసే పనితో సహా. నాన్న ట్రంకు పెట్టె అటక మీద ఉంది. అందులో ఉన్నది దస్తావేజో, ఉత్త తెల్లకాగితమో ఇంకా దింపి చూడలేదు.