పెట్టెలో రాని గొర్రు

పెట్టె మూత తీస్తే ముందు తగిలేది కాలిన చెక్క వాసన. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ పలకల మీద లేజరుతో ముక్కలు కోసి ఉంటారు. కోసిన చోటల్లా అంచు గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ముక్కలు పలకను పూర్తిగా వదలవు, సన్నని కొసల దగ్గర అంటుకుని ఉంటాయి. వేలితో నొక్కి ఒక్కొక్కటే విడదీయాలి. జిగురుతో పని లేదు, మేకులూ ఉండవు. పళ్ళు కుట్టుకునే పుల్లల్లాంటివే ఇరుసులు, రబ్బరు బ్యాండే ఇంజను, కొవ్వొత్తి మైనమే కందెన. రెండు మూడు సాయంత్రాలు కూర్చుంటే బల్ల మీద ఓ ట్రాక్టరో రైలింజనో తయారై, తనంతట తాను నాలుగడుగులు కదులుతుంది.

ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో పుట్టిన యుగియర్స్ కంపెనీ 2015లో కిక్‌స్టార్టర్‌లో చందాలు సేకరించాక ఈ చెక్క కిట్ల సరదా ప్రపంచమంతా పాకింది. చైనా నుంచి రోబోటైమ్ వచ్చింది. మన దేశంలో ఢిల్లీ ఐఐటీలో చదివినవాళ్ళు పెట్టిన స్మార్టివిటీ పిల్లల కోసం ఇలాంటివే చేస్తోంది. కడప జిల్లా మైదుకూరులో ఉన్నా ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికే వస్తాయి. వాటి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. సెలవుల్లో ఫోను పక్కన పెట్టి చెక్కముక్కలతో కుస్తీ పట్టే పిల్లవాణ్ణి చూసి ఏ తల్లిదండ్రులు సంతోషించరు?

కిట్టు నేర్పే మొదటి పాఠం బిగువు. పుల్ల బెజ్జంలో వదులైతే చక్రం వంకర తిరుగుతుంది, మరీ బిగువైతే అసలే తిరగదు. గరుకు కాగితంతో ఎంత రుద్దాలో ఏ బొమ్మలోనూ గీసి చూపలేరు, అది వేళ్ళకే తెలియాలి. రెండో పాఠం పళ్ళ లెక్క. పది పళ్ళ చక్రం నలభై పళ్ళ చక్రాన్ని తిప్పితే, చిన్నది నాలుగు చుట్లు తిరిగేసరికి పెద్దది ఒక్క చుట్టే తిరుగుతుంది. వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. రాపిడికి పోయేది పోగా తిప్పే బలం నాలుగింతలకు దగ్గరగా పెరుగుతుంది. బడిలో ఇది సూత్రం. కిట్టులో మాత్రం వేలితో తోసి చూడొచ్చు, ఎటు తేలికో ఎటు బరువో చేతికే తెలుస్తుంది.

మూడో పాఠం మన ఎండలు చెబుతాయి. ఏప్రిల్, మే నెలల్లో కడప జిల్లా గాలిలో తడి ఉండదు. చెక్క ఎండి కుంచించుకుపోతుంది. వానాకాలంలో కూర్చిన బొమ్మకు ఎండాకాలానికి కీళ్ళు వదులవుతాయి. ఎద్దులబండి తోలినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఎండలకు చక్రం చెక్క కుదించుకుని ఇనుప పట్టా వదులైతే, బండిని చెరువులోకో కాలవలోకో దించి చక్రాలు నానబెట్టేవాళ్ళు. చెక్క ఉబ్బి పట్టా మళ్ళీ బిగిసేది. అసలు ఆ పట్టా ఎక్కించేటప్పుడే ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్ళు పోసి చల్లార్చేవాళ్ళు. ఇనుము ముడుచుకుంటూ ఆకుల్ని, అంచు చెక్కల్ని, నడిమి దిమ్మను ఒక్కటిగా నొక్కి పట్టేది. జిగురూ మరమేకూ లేని ఈ కూర్పును మన కమ్మరి, వడ్రంగి కలిసి వీధిలోనే చేసేవాళ్ళు.

చెక్క పనిలో అసలు కిటుకు నార ఎటు పోతోందో చూడటం. నార పొడవునా ఉన్న చెక్క బరువు మోస్తుంది. నారకు అడ్డంగా కోసిన సన్నని పన్ను పుటుక్కున ఊడిపోతుంది. అందుకే బండిచక్రాన్ని ఒకే పలకలోంచి గుండ్రంగా కోయరు. ఆకులు నడిమి నుంచి అంచుకు నార వెంట నిలబడేలా చీల్చి చెక్కుతారు. ఇంగ్లండులో జాన్ హారిసన్‌కూ ఇదే చిక్కు ఎదురైంది. ఓడలు సముద్రంలో ఎక్కడున్నాయో చెప్పే గడియారంతో ఆ తర్వాత పేరు తెచ్చుకున్న ఆయన వృత్తిరీత్యా వడ్రంగి. 18వ శతాబ్దం మొదట్లో ఓక్ చెక్కతో గడియారాలు చేశాడు. పళ్ళు విరగకుండా, నార నడిమి నుంచి బయటికి పోయే ముక్కల్లో వాటిని కోసి చక్రం అంచులో పొదిగాడు. నూనె చెక్కలోనే ఊరే లిగ్నమ్ వైటీ అనే గట్టి కలపతో తిరిగే భాగాలు చేశాడు. కిట్టులో మాత్రం ఈ చిక్కు కనబడదు, ఎందుకంటే ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి. నార సంగతి ఫ్యాక్టరీ ముందే తేల్చేసింది. పిల్లవాడికి మిగిలింది కూర్చడమొక్కటే.

ఫ్యాక్టరీ ఏమీ తేల్చిపెట్టని కిట్టు ఒకటి ఈ సీమ పిల్లల చేతుల్లో ఉండేది. అదే జొన్నదంటు బండి. కోతలైపోయాక దంటు ఉచితం, పనిముట్టు గోళ్ళూ పళ్ళే, మహా అయితే ఓ కొడవలి. పైబెరడును పొడవాటి పేళ్ళుగా చీలుస్తారు. లోపలి బెండు వేరే పోగు పెడతారు. బెండు మెత్తన, పేడు గట్టిది. బెండులో పేడు గుచ్చితే అది పట్టుకుని ఊడదు. అంటే మేకూ బెజ్జమూ రెండూ ఒకే మొక్కలో దొరికాయన్నమాట. ఒక పేడును నెమ్మదిగా వంచి గుండ్రం చేసి, కొసలు రెండూ ఓ బెండు ముక్కలో గుచ్చితే చక్రం అంచు. నడుమ ఇంకో బెండు ముక్క, దాని నుంచి అంచుకు సన్నని పేళ్ళే ఆకులు. వంచేటప్పుడు తొందరపడితే పేడు విరుగుతుంది. మరీ ఎండిన దంటు వంగదు, పచ్చి దంటు వంగిన చోట నిలవదు. ఏ దంటు తీసుకోవాలో, ఎన్నాళ్ళు ఎండాలో పిల్లలే కనిపెట్టుకునేవాళ్ళు. కాడి, నొగ, ఇరుసు, ఎద్దులు, తోలే మనిషితో సహా బండి సిద్ధమయ్యేది. రెండ్రోజుల్లో పాడైపోయేది, ఇంకోటి చేసేవాళ్ళు. జొన్న సాగు తగ్గి, దంటు చూడని పిల్లలు పెరిగాక ఆ బండీ తగ్గింది.

నన్నడిగితే కిట్ల తర్వాతి మెట్టు ఇంకో ఖరీదైన కిట్టు కాదు. మన ఊళ్ళలో నిజంగా పని చేసిన చెక్క యంత్రాలకు నమూనాలు చేయడం. వాటిల్లో నాకు మహా ముద్దొచ్చేది కపిల.

కరెంటు మోటార్లు రాకముందు బావి నీళ్ళు ఎక్కువగా కపిలతోనే పైకొచ్చేవి. పెద్ద తోలు సంచి, దాని అడుగున తోలు తొండం. బావి గట్టున ఎత్తుగా ఓ గిలక, కింద నీళ్ళ తొట్టి అంచున అడ్డంగా ఓ దొర్లే కర్ర. సంచి మోకు పై గిలక మీదుగా, తొండం తాడు కింది కర్ర మీదుగా వచ్చి రెండూ కాడికే కట్టి ఉంటాయి. ఎద్దులు పల్లం బాటలో దిగుతుంటే, తోలే మనిషి మోకు మీద కూర్చుని తన బరువూ కలుపుతాడు. సంచి లేస్తుంది. దారి పొడవునా తొండం నోరు సరిగ్గా సంచి నోటి ఎత్తులో మడిచి ఉంటుంది కాబట్టి చుక్క కారదు. గట్టు దగ్గరికొచ్చాక సంచి ఇంకా పైకి పోతుంటుంది, తొండం మాత్రం కింది కర్ర మీదుగా తొట్టిలోకి సాగుతుంది. నోరు సంచి కంటే కిందికొచ్చిన క్షణాన నీళ్ళన్నీ దబదబా పడిపోతాయి. గట్టు మీద సంచి వంచడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. ఎద్దులు వెనక్కి నడుస్తూ బాట ఎక్కుతాయి, సంచి మళ్ళీ దిగుతుంది. గడియారపు పళ్ళేవీ లేకుండా, రెండు తాళ్ళ పొడవుల మధ్య తేడాతోనే ఈ యంత్రం తనంతట తాను పనిచేస్తుంది.

నమూనాకు కావలసింది దారపు రీలు ఒకటి, సైకిలు పుల్ల ఒకటి, సంచికి పాత ట్యూబు ముక్క, అడుగున బెలూను మెడ. స్తంభాలకు ఏదైనా చెక్క చాలు. కష్టమంతా తొండం తాడు కొలతలోనే ఉంది. కాస్త పొడవైతే నీళ్ళు బావిలోనే కారిపోతాయి, పొట్టిదైతే తొండం ముందే నిటారుగా లాగబడి సంచి బరువు దాని మీద పడుతుంది.

విత్తనాలు విత్తే గొర్రు దీనికంటే తేలికగా కనిపిస్తుంది కానీ కాదు. పైన జడ్డిగం అనే చెక్క గిన్నె, అడుగున బెజ్జాలు, ఒక్కో బెజ్జం నుంచి ఒక్కో గొర్రు పన్ను వెనక్కి దిగే వెదురు గొట్టం. ఆడవాళ్ళు నడుస్తూ పిడికిలిలోంచి గింజలు వదిలితే, అవి అన్ని సాళ్ళలోకీ సమంగా పోవాలి. 1790లలో థామస్ హాల్కాట్ అనే ఆంగ్లేయ అధికారి తెలుగు రైతుల చేతుల్లో ఇలాంటి గొర్రు చూసి ఆశ్చర్యపోయాడు. సాళ్ళలో విత్తే పనిముట్టు ఐరోపాలో ఈమధ్యే కనిపెట్టారని ఆయన అనుకునేవాడు. ఇంగ్లండు వ్యవసాయ మండలికి దీని గురించి ఉత్తరాలు రాశాడు. ధరంపాల్ 1971లో వేసిన పుస్తకంలో ఆ వివరాలు దొరుకుతాయి. ఎనిమిదో వంతు సైజులో గొర్రు చేస్తే గొట్టాల్లో చెనిక్కాయ విత్తనాలు పట్టవు. యంత్రం చిన్నదైనంత మాత్రాన విత్తనం చిన్నది కాదు కదా. ఆవాలు వాడాలి. గొట్టాల వాలు తప్పితే ఆవాలు ఒకే సాలులో కుప్పపడతాయి. అప్పుడు అసలు వడ్లాయన ఆ వాలు ఎలా పెట్టాడో కనుక్కోవాలి.

కనుక్కోవడానికి దూరం పోనక్కర్లేదు. కందిమల్లాయపల్లె, అంటే బ్రహ్మంగారి మఠం, మైదుకూరుకు దగ్గరే. కొయ్య, ఇనుము, కంచు, రాయి, బంగారం పనుల విశ్వబ్రాహ్మణ కుటుంబాలు మఠానికి పోతూ వస్తూ ఉంటాయి. బాడిశ, ఉలి, చిత్రిక పట్టిన పెద్దవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నారు. కళ్ళంలో మేర తీసుకుని ఏడాదంతా ఆసాముల గొర్రులు, మడకలు బాగుచేసిన తరం అది. వాళ్ళనడిగితే కొలతలు అంగుళాల్లో రావు, జానల్లో, బెత్తల్లో వస్తాయి. టేపు పట్టుకుని పోయి అసలు గొర్రు మీదే కొలుచుకోవడం మేలు. కలప మాటకొస్తే, కడప జిల్లాలో ఆ మాట ఎత్తగానే అందరికీ ఎర్రచందనమే గుర్తొస్తుంది. దాని జోలికి పోకండి, దుంగే కాదు, పేడైనా కేసే. నమూనాకు తుమ్మ కొమ్మ, వెదురు, ప్యాకింగు పెట్టెల చెక్క చాలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కపిల జోలికి వెంటనే పోవద్దు. ముందు ఆరు అంచు ముక్కలు, పన్నెండు ఆకులతో జానెడు బండిచక్రం ఒక్కటి చేయండి. ప్లైవుడ్ వద్దు, చీల్చిన చెక్కే వాడండి. ఇరుసుకు మైనం రాసి తిప్పితే ఎంతసేపు తిరుగుతుందో చూడండి. చక్రం కొద్దిగా ఊగులాడితే కంగారు పడనక్కర్లేదు. ఏ ఆకు పొట్టిగా ఉందో అప్పుడు తేలికగా తెలుస్తుంది, దాన్నొక్కటే తీసి మార్చుకోవచ్చు.