వాహనపు దిక్సూచి: ఒక పాత వాదము

కారులోని ఎలక్ట్రానిక్ దిక్సూచి తప్పు చూపినచో, బండిని విశాలమైన చోట మెల్లగా గుండ్రముగా త్రిప్పవలెనని బండితో ఇచ్చు పుస్తకములలో తరచుగా వ్రాసియుండును. ఉపాయము మంచిదే. కాని ఆ సవరణ ఎంతకాలము నిలుచునో పుస్తకము చెప్పదు. నా ఆక్షేపణ ఇక్కడనే.

ఈ ఉపాయము కొత్తది కాదు. 1838లో జార్జి ఎయిరీ ఇంగ్లండులోని డెట్‌ఫర్డ్ వద్ద 'రెయిన్‌బో' అను ఇనుప ఓడను అన్ని దిక్కులకు త్రిప్పి, దిక్సూచి ఎంతెంత తప్పుచున్నదో కొలిచి, దాని చెంత అయస్కాంతములను, మెత్తని ఇనుమును అమర్చి దోషమును పోగొట్టెను. నేటి సాధనము ఆ పనినే లెక్కతో చేయును. పరస్పరము లంబముగా నున్న రెండు గ్రాహకముల కొలతలను, బండి ఒక చుట్టు తిరుగుచుండగా గ్రాఫు కాగితముపై గుర్తించినచో, మూలబిందువు కేంద్రముగా వృత్తము రావలెను. బండిలోని శాశ్వత అయస్కాంతత్వము ఆ కేంద్రమును ప్రక్కకు జరుపును. మెత్తని ఇనుము వృత్తమును దీర్ఘవృత్తముగా సాగదీయును. ఈ రెంటిని సరిచేసినచో దిక్కు కుదురును.

అయితే ఇనుము మారదా? 1854 జనవరిలో 'టేలర్' అను ఇనుప ఓడ తొలి ప్రయాణములోనే ఐర్లండు చెంత లాంబే దీవి రాళ్లకు తగిలి మునిగినది. మూడు వందలకు పైగా మరణించిరి. కారణములలో దిక్సూచుల తప్పును కూడ చెప్పిరి. అలల తాకిడికి ఓడ అయస్కాంతత్వమే మారునని, రేవులోని సవరణను నడిసముద్రమున నమ్మరాదని విలియం స్కోర్స్‌బీ వాదించెను. ఎయిరీ ఒప్పుకొనలేదు. అరువదియైదేండ్లు దాటిన స్కోర్స్‌బీ 1856లో 'రాయల్ చార్టర్' ఓడపై ఆస్ట్రేలియాకు పయనమై, మార్పును స్వయముగా కొలిచెను. ఎయిరీ గణితము చక్కనిది. స్కోర్స్‌బీ సందేహము అంతకన్న విలువైనదని నా అభిప్రాయము.

ఆ సందేహమును కారునకు వర్తింపజేసి చూడుడు. హైదరాబాదులో భూక్షేత్రపు క్షితిజ సమాంతర భాగము సుమారు 40 మైక్రోటెస్లాలు. 10 ఆంపియర్లు ప్రవహించు పొడవైన ఒంటితీగ 10 సెంటీమీటర్ల దూరమున 20 మైక్రోటెస్లాల క్షేత్రమును కలిగించును. (కారులో తిరుగు విద్యుత్తు సాధారణముగా బండి లోహపు ఒడలి గుండా పోవును, కనుక ఒంటితీగలు అరుదు కావు.) అది భూక్షేత్రమునకు అడ్డముగా పడినచో దిక్కు 26 డిగ్రీలకు పైగా తప్పును. క్షితిజ భాగము ఇందులో సగమే యున్న బ్రిటనులో తప్పు 45 డిగ్రీల వరకు పోవును! అట్టి తీగ దీపములదైనచో, దీపములార్పి చేసిన సవరణ అవి వెలిగినంతనే చెడును.

స్కోర్స్‌బీ దిక్సూచిని ఓడ స్తంభముపై, ఇనుమునకు దూరముగా నుంచుమనెను. కారులో గ్రాహకమును తీగలకు దూరముగా పెట్టుట ఆ సలహాయే. క్షేత్రబలము హఠాత్తుగా మారినచో ఆ కొలతను విడిచి, కొంతసేపు గైరోస్కోపును అనుసరించు సాధనములును కలవు. తరగతిలో చూపుటకు దిక్సూచి, బ్యాటరీ, తీగ చాలును: తీగను ముల్లుపై, ముల్లు వెంబడిగా పట్టి ఒక్క క్షణము విద్యుత్తు పంపుడు.