బిరడా బిగించిన కల్లు

ఆదివారం పొద్దున ఏడింటికి డాలస్ నుంచి మా తమ్ముడి ఫోన్. అక్కడ ఇంకా శనివారం రాత్రే. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండొద్దామని మరదలూ తనూ పోయి రెండు నెలలు దాటింది. వచ్చే నెల గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కించి, మెక్సికో దాకా తిప్పుకొస్తామని పిల్లలు టికెట్లు తీశారట. ఆ సంతోషం చెప్పడానికే ఫోన్ చేశాడు. కానీ ఐదు నిమిషాలు గడవకముందే గొంతు మారింది.

"అన్నా, ఓడలకు ఎవరి వైను వాళ్లు తీస్కపోవచ్చట. మనిషికొక సీస. నేను కల్లు సీస తీస్కపోతనంటె మాత్రం పిల్లగాడు ఒద్దంటున్నడు. గిదేం న్యాయమే?"

డాలస్‌లో కల్లు ఎక్కడిదని అడిగాను. ఆఫ్రికా వాళ్ల సరుకులు అమ్మే దుకాణంలో దొరికిందట. నైజీరియా వైపు తాటి జాతి చెట్ల నుంచి తీసి, సీసాకు పట్టి, మూత బిగించి అమ్ముతారు. దాని పేరు కూడా 'పామ్ వైన్' అనే ఉంటుంది. పేరులో వైన్ ఉన్నప్పుడు ఓడవాళ్లకు అభ్యంతరమేమిటని తమ్ముడి వాదన. వాడి మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. ఫోన్ పెట్టేసరికి నాకూ కోపమొచ్చింది.

పిల్లవాడిని అడిగి ఆ నియమాలు తెప్పించుకుని చదివాను. అమెరికా రేవుల నుంచి తిరిగే పెద్ద పెద్ద ఓడల కంపెనీల్లో చాలావాటి పద్ధతి దగ్గరదగ్గరగా ఒకటే. 21 ఏళ్లు నిండిన ప్రయాణికులు ఓడ ఎక్కే మొదటి రోజున, చేతి సంచిలో, మూత తీయని 750 మిల్లీలీటర్ల వైను సీసా ఒకటి తెచ్చుకోవచ్చు. షాంపేనైనా పరవాలేదు. విస్కీ, బ్రాందీ లాంటివి కుదరవు. దారిలో ఏ రేవులోనో దిగి సీసా కొంటే ఓడవాళ్లు తీసి దాచిపెట్టి, యాత్ర ముగిశాక చేతికిస్తారు. తెచ్చుకున్న వైనును గదిలో తాగితే ఖర్చు లేదు. భోజనాల హాల్లో తెరిపిస్తే మాత్రం సీసాకు 15 డాలర్ల లెక్కన బిరడా రుసుము తీసుకునే కంపెనీలున్నాయి. ఈ నియమాలన్నింట్లో వైనుకు ఒక మర్యాద ఉంది. మిగతావన్నీ సరుకు, వైను మాత్రం ప్రయాణికుడి ఇష్టం, అతని ఇంటి అలవాటు. దాన్ని వెంట తెచ్చుకునే హక్కును ఓడ కూడా కాదనలేదు.

ఈ కాలమ్ మొదటి నుంచి చదువుతున్నవాళ్లకు నా పట్టింపులు తెలుసు. కల్లును సారాయితో ఒక గాట కట్టొద్దని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తాటి రేకలో పోయాల్సిన దాన్ని ప్లాస్టిక్ గ్లాసులో పోయొద్దని రాశాను. రోడ్డు వెడల్పు పేరుతో తాళ్లు నరుకుతుంటే ఊరుకోవద్దని రాశాను. హన్మకొండ చౌరస్తాలో నిలబడి చూస్తే మద్యం దుకాణం ప్రతిదాని నెత్తిన 'వైన్స్' అని కనిపిస్తుంది. లోపల అమ్మేది ఎక్కువగా విస్కీ, బీరు. గౌరవం కోసం వైను పేరు అరువు తెచ్చుకున్నాం. వరంగల్ కోటను 1708లో కొల్లగొట్టిన సర్వాయి పాపన్న కల్లుగీత ఇంట్లో పుట్టినవాడు. ఆయన ఖిలాషాపురం మనకు కూతవేటు. అటువంటి నేల మీది కల్లుకు ఓడలో చోటు లేదా అని గట్టిగా ఒక కాలమ్ రాయాలనే కాగితం ముందు కూర్చున్నాను.

రాస్తుంటే అమ్మమ్మ యాదికొచ్చింది.

అది 1978. బాపు ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. మేం వరంగల్‌లో ఉండేవాళ్లం. బాపు పుట్టిన ఊరు రఘునాథపల్లి స్టేషన్‌లో దిగి నాలుగు మైళ్లు నడిస్తే వస్తుంది. వారం సెలవు దొరికితే ప్యాసింజర్ బండిలో ఊరికి పోయి, పొలం చూసుకుని, వాడికగా కల్లు పోసే గౌడు మామ దగ్గర రెండు రేకలు తాగి, రాత్రి బండికి తిరిగొచ్చేవాడు. ఆ చలికాలం అమ్మమ్మ మా ఇంట్లో జ్వరంతో మంచం పట్టింది. అన్నం సయించడం లేదు. ఒకనాడు బాపును పిలిచి, "అల్లుడా, ఇంత ఈత కల్లు తాగాలని పానం కొట్టుకుంటున్నది" అంది. అత్త నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. ఆ ఆదివారం బాపు నన్నూ తమ్ముణ్నీ వెంటబెట్టుకుని ఊరికి పోయాడు.

పొద్దు వాలకముందే గౌడు మామ మోకు, ముత్తాదు వేసుకుని ఈత చెట్టు ఎక్కాడు. లొట్టి దింపి, పైన తేలుతున్న చీమలనూ ఈగలనూ పీచుతో వడగట్టి, ఎండిన సొరకాయ బుర్రలోకి వంచాడు. బుర్ర నిండా పోయలేదు, జానెడు వెలితి ఉంచాడు. మూతికి గుప్పెడు తాటి పీచు వదులుగా కుక్కి, బాపుతో అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

"బావా, దీనికి పానమున్నది. ఊపిరాడనియ్యి. మూతి బిగియ్యకు."

స్టేషన్‌కు నడుస్తుంటే పీచు సందుల నుంచి కల్లు చిలికి బాపు ధోవతి తడిసింది. నాలుగు మైళ్లకే ఇట్లా ఉంటే వరంగల్ చేరేసరికి అత్తకు ఏం మిగులుతుందని ఆయన దిగులు. దారి పక్కన చేనులో పడి ఉన్న మక్క బెండు ఒకటి తీసుకుని, కొస చెక్కి, పీచు తీసేసి బుర్ర మూతికి దిగగొట్టాడు. రాయితో రెండు దెబ్బలు కూడా వేశాడు. చుక్క కారలేదు. బండెక్కాక బుర్రను ఒళ్లో పెట్టుకుని, తువ్వాల కప్పి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. తమ్ముడు దాన్ని ఆనుకుని నిద్రపోయాడు.

బండి ఘనపురం దాటింది. బుర్రలో నుంచి సన్నగా సుయ్యిమనే చప్పుడు మొదలైంది. బాపు చెయ్యి మూతి మీదికి పోయేలోపే బెండు ఎగిరి పై అరకు తగిలింది. వెనకే తెల్లటి నురగ. తమ్ముడి తల, అంగీ, ఎదురు బల్ల మీద కూర్చున్న ముసలమ్మ మూట, అన్నీ కల్లే. డబ్బా అంతా పుల్లటి వాసన. ఎవరూ కోప్పడలేదు. ఆ ముసలమ్మ తన కొంగుతో తమ్ముడి మొహం తుడిచి, "ఎవరికోసం బిడ్డా?" అని బాపును అడిగింది. అత్త కోసమని చెప్పాడు. బుర్ర అడుగున మిగిలింది పారబోసుకోవద్దని, ఆమే తన మూటలోంచి పాత గుడ్డ తీసి మూతికి కట్టింది.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. బుర్రలో సోలెడు మిగిలి ఉంటుంది. అమ్మమ్మ రెండు గుక్కలు మింగి గిన్నె పక్కన పెట్టింది. అప్పటికే అది పులిసి నాలుక పట్టేస్తోంది. బాపు మొహం చూసి ఆమె నెమ్మదిగా, "ఇది కల్లు గాదు బిడ్డా, కల్లు యాది" అంది.

బాపు ఆ మాట మీద వారమంతా ఆలోచించాడు. అమ్మమ్మ జ్వరం తగ్గి నాలుగడుగులు వేయగలిగిన మరుసటి ఆదివారం ఆమెను బండెక్కించాడు. రఘునాథపల్లిలో ఎడ్లబండి మాట్లాడాడు. ఈత చెట్టు కింద గొంగడి పరిచి కూర్చోబెట్టాడు. గౌడు మామ అప్పుడే దింపిన లొట్టి ఆమె ముందే వంచాడు. తాటి రేకను రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఆమె తాగిన తీరు నేను చూశాను. ముందు కొంచెం నేల మీద సాక పోసింది, తర్వాతే తాగింది. ఆ రాత్రి ఇంటికొచ్చి ఇంత అన్నం తిన్నది.

ఆ బెండు ఎందుకు ఎగిరిందో పెద్దయ్యాక చదువుకుని తెలుసుకున్నాను. చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీరా. లొట్టిలో పడీ పడగానే అందులోని చక్కెరను ఈస్టు తినడం మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లోనే వందకు నాలుగైదు పాళ్ల ఆల్కహాలు తయారవుతుంది, కార్బన్ డయాక్సైడు పుడుతుంది. మరునాటికి అదే పులిసి సిర్కా దారి పడుతుంది. లొట్టికి సున్నం పూస్తే ఆ పులుపు ఆగుతుంది గానీ అప్పుడది నీరాగానే ఉండిపోతుంది, కల్లు కాదు. వైను సంగతి వేరు. దాని పులియడం పీపాల్లోనే ముగుస్తుంది. పని పూర్తయ్యాకే సీసాకెక్కుతుంది, అందుకే ఏళ్లు నిలుస్తుంది, ఓడలెక్కుతుంది. సీసాలో కూడా పులిసేది షాంపేను. లోపలి ఒత్తిడి బయటి గాలికి ఐదారు రెట్లుంటుంది కాబట్టి దానికి మందపాటి గాజు, బిరడా మీద ఇనుప తీగ కావాల్సొచ్చాయి. మా బాపు దగ్గర ఉన్నది సొరకాయ బుర్ర, మక్క బెండు.

తమ్ముడి చేతిలోని సీసా పేలలేదంటే అందులోని ప్రాణాన్ని వేడితోనో మరోరకంగానో ముందే ఆపేసి ఉంటారు. అది ఎవరి తప్పూ కాదు. దూరం పోవాలంటే అంతే. కానీ అమ్మమ్మ మాటలో చెప్పాలంటే అది కల్లు యాది. దాన్ని ఓడ ఎక్కించే హక్కు కోసం నేను పోట్లాడబోయాను.

దూరం ఇంకో పని కూడా చేస్తుంది. అది నా అసలు బాధ. హైదరాబాద్‌లో 2004లో మూతబడ్డ కల్లు దుకాణాలు తెలంగాణ వచ్చాక 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. గీత మీద బతికే కుటుంబాలకు మేలు జరుగుతుందని అప్పుడు ఈ కాలమ్‌లోనే మెచ్చుకుంటూ రాశాను. కానీ నగరంలో దుకాణాలకు సరిపోయే తాళ్లెక్కడివి? చెట్టు దూరమైన చోట ఆ వెలితిని మందులు నింపాయి. క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రాజోలం. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కూలినాలి చేసుకునేవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చెట్టు కింద లొట్టి వంచి పోసే గౌడు కల్తీ చేయడు, చేయలేడు. తాగేవాడి కళ్లముందే దిగుతుంది అది. చెట్టుకూ నోటికీ మధ్య మైళ్లు పెరిగిన కొద్దీ ఆ నమ్మకం పలచనవుతుంది. కల్లుకు మూత బిగించి దూరం పంపాలని నేను అడిగితే, తెలియకుండానే ఆ దారికే వంత పాడినవాణ్నవుతాను.

నీళ్ల మీది నియమాల గురించి కూడా వరంగల్ మనిషిగా ఒక మాట చెప్పాలి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల యాత్రకు పోయిన పడవ గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో మన కడిపికొండ వాళ్లున్నారు. వెళ్లినవాళ్లలో అందరూ తిరిగి రాలేదు. నెల దాటాక అక్టోబర్ 22న ఆ పడవను బయటకు తీసేదాకా మన ఊళ్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ఆ రోజు నుంచి నీళ్ల మీద ఎవరైనా సంచి విప్పి చూస్తామంటే నేను విసుక్కోను. ఎక్కేటప్పుడే అడిగేవాడు, ఆపేవాడు ఉండటం మంచిది. ఓడ నియమంలో వాళ్ల వ్యాపారం ఉంటే ఉండనీ, సంచి చూసి ఎక్కించే అలవాటు నాకు కావాలి.

అందుకని బుధవారం రాత్రి తమ్ముడికి నేనే ఫోన్ చేశాను. ఓడవాళ్లదే న్యాయమన్నాను. వాడు వాదనకు దిగబోతే, "అమ్మమ్మ బుర్ర యాదున్నదా?" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు.

"నా అంగీ మూడు ఉతుకులకు గూడ వాసన పోలే," అన్నాడు. తర్వాత, "పుష్య మాసంల వస్తున్నం గదనే. గౌడుకు చెప్పిపెట్టు. పిల్లలను గూడ తీస్కొస్త" అన్నాడు.

చెప్పిపెట్టాను. అప్పటి గౌడు మామ లేడు, ఆయన కొడుకు ఎక్కుతున్నాడు. గీత కార్మికులు చెట్టు మీంచి పడకుండా 2024లో సర్కారు మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం అతనికి అందింది, నడుముకు కట్టుకునే ఎక్కుతున్నాడు. ఆ మాట విన్నాక నా మనసు కుదుటపడింది.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకూ, వాళ్ల దగ్గరికి పోయిన తల్లిదండ్రులకూ ఒకటే మనవి. ఓడ ఎక్కితే ఓడ కట్టుబాటు పాటించండి, అక్కడి వైను అక్కడ తాగండి. కల్లును వెంట తీసుకుపోవాలని చూడకండి. ఊరికి వచ్చినప్పుడు మీరే చెట్టు కిందికి రండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే చెయ్యి పట్టుకుని తీసుకురండి. పోసేవాడి నడుముకు కవచం ఉందో లేదో చూసి, లేకపోతే ఎందుకు లేదని అడిగి, తర్వాత రేక పట్టండి.