శాస్త్రం సాక్ష్యమిస్తేనే విశ్వాసమా?

మైదుకూరుకు సమీపంలోని బ్రహ్మంగారి మఠం ప్రాంతంలో, రైలూ విద్యుద్దీపమూ కాలజ్ఞానంలో ముందే ఉన్నాయని చెప్పేవారున్నారు. వస్తువు వచ్చిన తరువాత వాక్యాన్ని వెదకడమేమిటని మనలో కొందరు పెదవి విరుస్తారు. మరి మనం చేస్తున్నదేమిటి?

ఫ్రెంచి వైద్యుడు మారిస్ బుకాయ్ 1976లో బైబిల్‌ను, ఖుర్ఆన్‌ను విజ్ఞానశాస్త్రంతో పోల్చి రాసిన గ్రంథం మన విద్యావంతులకు ధైర్యమిచ్చింది. కాదనలేం. అయితే అంబియా సూరా 30వ ఆయత్‌ను ఆయన ఆధునిక విశ్వోత్పత్తి సిద్ధాంతానికి అన్వయించిన తీరు విచారించదగినది. భూమ్యాకాశాలు కలిసి ఉండగా అల్లాహ్ వాటిని విడదీశాడని ఆ ఆయత్ భావం. మూలంలోని ‘రత్ఖ్’కు మూసుకొని ఉండడమనీ, ‘ఫత్ఖ్’కు తెరవడమనీ కూడా అర్థం. ఆకాశం వాన కురియక, నేల మొలక వేయక మూసుకొని ఉండగా అల్లాహ్ తెరిచాడన్న పూర్వుల వ్యాఖ్యానాన్నే ఇమామ్ తబరీ మేలైనదిగా ఎంచాడు. ప్రాణమున్న ప్రతిదానినీ నీటితో చేశామన్న తరువాతి మాటే ఆయనకు ఆధారం.

1948లో ప్రతిపాదించిన స్థిరవిశ్వ సిద్ధాంతాన్ని, 1965లో వెల్లడైన విశ్వవికిరణం దెబ్బతీసింది. ఈ మధ్యకాలంలో ఎవరైనా ఆ సిద్ధాంతాన్ని ఆయత్‌లో చూపి ఉంటే, తరువాత ఏమని చెప్పుకునేవారు? తన్ను తాను దిద్దుకోవడం శాస్త్రానికి ఘనత. ఆ దిద్దుబాట్లకు దైవవాక్కును కట్టివేయడం మన పొరపాటు.

శాస్త్రయుగంలో మతానికి భవిష్యత్తు ఉన్నదా అని అడిగేవారికి జవాబు ఈ ఆయత్‌లోనే ఉన్నది. మేఘం ఎలా ఏర్పడుతుందో శాస్త్రం చెబుతుంది, శ్రద్ధగా నేర్చుకుందాం. కురిసిన నీటికి ఎవరికి కృతజ్ఞులం, దానిని ఎవరితో పంచుకోవాలి అన్న ప్రశ్నలు అప్పటికీ మిగిలే ఉంటాయి. కరువు సీమలో ఆ ఆయత్ చదివేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.