దివాన్ వెనుక గానవిద్య: మహ్‌లఖా బాయి చందా వృత్తిజీవిత పునఃపరిశీలన

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు సాహిత్యచరిత్రలో మహ్‌లఖా బాయి చందా (1768–1824) చాలాకాలం ఒకే విశేషణంతో ప్రస్తావనకు వచ్చింది: ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి కవయిత్రి. ఆమె దివాన్ 1798 నాటిది. లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దివాన్ 1797 నాటిదని తేలడంతో ఆ విశేషణం చెల్లలేదు. అయితే ప్రథమస్థానం ఎవరిదన్న చర్చ సాగుతుండగానే అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి మరుగునపడింది. చందా వృత్తి గానం, నృత్యం. కవిత్వం ఆ వృత్తిలో అంతర్భాగం. ఆమె గజళ్లను ఒక శిక్షిత గాయని రచనలుగా చదివినప్పుడే వాటి నిర్మాణం స్పష్టమవుతుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. గురువు, గృహం, శిక్షణ:

అదే శతాబ్దంలో నేపుల్స్ కన్సర్వేటరీలు ఒపెరాకు గాయకులను తయారుచేశాయి. అక్కడి శిక్షణకు సంస్థ ఆధారం. హైదరాబాదులో ఆ బాధ్యతను గురువు, కుటుంబం, పోషకుని దేవిడీ కలిసి వహించాయి. చందా తల్లి రాజ్ కున్వర్ బాయి. ప్రధాని రుక్నుద్దౌలా ఆదరణ పొందిన మహతాబ్ ఇంట ఆమె పెరిగింది. ఆ ఇంటి వాతావరణం సంగీతసాహిత్యాలతోపాటు దర్బారు మర్యాదలనూ నేర్పింది. గుర్రపుస్వారీ, విలువిద్య కూడా ఆమె అభ్యసించింది. నిజాం అలీ ఖాన్ దండయాత్రలకు వెంట వెళ్ళవలసిన గాయనికి ఇవి అలంకారాలు కావు, వృత్తి అవసరాలు.

సంగీతగురువు ఖుష్‌హాల్ ఖాన్ ‘అనూప్’ తాన్‌సేన్ పరంపరకు చెందిన కళావంతుడు, ‘రాగ్ దర్శన్’ గ్రంథకర్త. రాగాల స్వరూపాన్ని శాస్త్రంగా గ్రంథస్థం చేయగల విద్వాంసుని వద్ద చందా నేర్చుకుంది. కనుక ఆమె గానాన్ని కేవలం సభారంజకంగా పరిగణించడం సరికాదు. ‘చంద్రముఖి’ అని అర్థమిచ్చే బిరుదుతో శిష్యురాలి కీర్తి వెలిగింది. గురువు పేరు ఆ వెలుగులో కనుమరుగైంది. కేథరిన్ స్కోఫీల్డ్ 2023లో వెలువరించిన గ్రంథంలో ఈ ఇద్దరినీ కలిపి చర్చించి, ఆ లోటును కొంత పూరించింది.

3. దివాన్ నిర్మాణం:

బ్రిటిష్ లైబ్రరీలోని దివాన్ ప్రతిపై ఉన్న ఒక ఆంగ్ల వ్రాత ఇక్కడ కీలకం. 1799 అక్టోబరు 1న మీర్ ఆలం ఇంట జరిగిన నృత్యసభలో, ప్రధాన నర్తకి అయిన చందా ప్రదర్శన మధ్యలోనే ఆ ప్రతిని కెప్టెన్ జాన్ మాల్కంకు నజరుగా ఇచ్చిందని అది తెలుపుతుంది. అంటే గ్రంథం, ప్రదర్శన ఒకే సభలో ఒకే చేతి మీదుగా అందాయి. వాటిని విడదీసింది తరువాతి విమర్శయే.

చందా గజల్‌లో ఐదు షేర్లుంటాయి. ముగింపులో ఆమె కవినామంతోపాటు హజ్రత్ అలీ స్మరణ వస్తుంది. స్కాట్ కుగల్ తన 2016 నాటి అధ్యయనంలో ఈ కవిత్వంలోని ప్రేమభావననూ షియా భక్తినీ కలిపి వ్యాఖ్యానించాడు. ఐదు సంఖ్యను పంజ్‌తన్ భక్తికి సంకేతంగా గ్రహించడం సమంజసమే. కాని దానికి గానపరమైన ప్రయోజనం కూడా ఉంది. పల్లవిలా తిరిగివచ్చే రదీఫ్‌ను ప్రతి షేర్ చివర కొత్త భావంతో అందుకునే గాయనికి ఐదు షేర్లు ఎక్కువా కావు, తక్కువా కావు. చివరి షేర్‌లో సభను మెప్పించే ‘చందా’, సభను మించిన శక్తిని తలచే భక్తురాలు ఒకే వాక్యంలో నిలుస్తారు.

4. తెలుగు సందర్భం:

గాయనిగా చదివితే కవయిత్రి స్థాయి తగ్గుతుందన్న సంకోచం తెలుగు విమర్శకు పరిచితమే. తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను వీరేశలింగం నిరసించినప్పుడు ఆమె వేశ్యాత్వమే ఒక అభియోగమైంది. 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మ స్వయంగా వృత్తిగాయని. ఆమె ముద్దుపళని వృత్తిని దాచి పాండిత్యాన్ని నిలబెట్టలేదు. ఆ రెండూ ఒకే స్త్రీవని చూపింది. చందా విషయంలో అనుసరించదగిన మార్గం ఇదే. ‘తవాయిఫ్ అయినప్పటికీ కవయిత్రి’ అనే వాక్యంలోని ‘అయినప్పటికీ’ని తొలగించడం విమర్శ చేయవలసిన మొదటి పని.

5. ముగింపు:

మౌలాలి గుట్ట దిగువన తల్లికోసం 1792లో తాను నిర్మించిన సమాధి ప్రాంగణంలోనే చందా సమాధి ఉంది. జాగీరుగా ఆమె పొందిన అడిక్‌మెట్ భూముల్లో నేడు విశ్వవిద్యాలయ ప్రాంగణం విస్తరించింది. కట్టడాలకు మరమ్మతు జరిగింది. గజళ్లకు అనువాదాలు వచ్చాయి. పాతబస్తీ మెహఫిళ్లలో వినిపించిన ఆ గొంతు మాత్రం కాగితానికి ఎక్కలేదు. అందువల్లనే గురుపరంపర, ప్రదర్శన సందర్భం, గజల్ నిర్మాణం అనే మూడు ఆధారాలనూ కలిపి చదవవలసి ఉంది. సాహిత్యశాఖ ఆమె పదాన్ని, సంగీతశాఖ ఆమె గురువును, చరిత్రశాఖ ఆమె జాగీరును వేరువేరుగా బోధించినంతకాలం ఆ గాయని ఏ తరగతిలోనూ సంపూర్ణంగా కనిపించదు.